మినీవ్యాన్ యాప్: మనవాళ్ల గడపకి సూటి దారి, అవతలి పార్టీ గడపకి చుట్టు దారి

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌కి, అంటే అక్కడి శాసనసభ దిగువ సభకి, పోటీ చేసే డెమోక్రటిక్ అభ్యర్థి తరఫున ఇంటింటికీ తిరగడానికి వెళ్తే చేతికి రెండు ఇస్తారు: ఒక కరపత్రాల కట్ట, ఒక లిస్ట్ నంబర్. ఆ నంబర్ కొట్టాల్సింది మినీవ్యాన్‌లో. ఎన్‌జీపీ వ్యాన్ వాళ్ల ఫోన్ యాప్ ఇది. ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితంగా దిగుతుంది, కానీ తెరిస్తే లోపల ఏమీ ఉండదు. యాక్షన్ ఐడీ అనే లాగిన్ చేసుకుని, ప్రచార కార్యాలయం ఇచ్చిన నంబర్ కొడితేనే పేర్లూ ఇళ్లూ మ్యాపూ వస్తాయి. అసలు సరుకంతా వెనకాల వ్యాన్ అనే ఓటరు డేటాబేస్‌లో ఉంటుంది. అభ్యర్థులకు అది రాష్ట్ర పార్టీ ద్వారా అందుతుంది. రిపబ్లికన్ అభ్యర్థులకు ఇవ్వరు, వాళ్లు ఐ360 లాంటివి వాడుకుంటారు.

మార్కులు ముందే వేసేద్దాం. మనకి ఓటేసే మనిషిని వెతికి పట్టుకుని, పోలింగ్ దాకా నాలుగుసార్లు గుర్తుచేసే పనికి 5కి 4.5. ఎటూ తేల్చుకోని ఓటరుతోనూ, అవతలి పార్టీకి అలవాటుగా వేసే ఓటరుతోనూ నింపాదిగా మాట్లాడే పనికి 2.5. ఆ రెండున్నర కూడా దాన్ని విప్పి మళ్లీ బిగించుకుంటేనే. ఎలా విప్పాలో, ఎక్కడ బిగించాలో కింద రాశాం.

అసలు అవతలి ఇళ్లకి వెళ్లడం దేనికని అడిగేవాళ్లకి రెండు లెక్కలు. వర్జీనియా హౌస్‌లో 100 సీట్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో సీటు కింద సుమారు 86,000 మంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక అసెంబ్లీ నియోజకవర్గం జనాభాలో ఇది మూడో వంతు కూడా కాదు. ఇంత చిన్న సీటులో మాటామంతీతో కదిలే ఓట్లు నిజంగానే లెక్కకొస్తాయి. 2017లో 94వ నియోజకవర్గంలో ఇద్దరు అభ్యర్థులకూ సరిగ్గా 11,608 ఓట్ల చొప్పున వచ్చాయి. 2018 జనవరి 4న గిన్నెలో రెండు పేర్లు వేసి ఒకటి తీశారు. రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పేరు వచ్చింది, సభలో మెజారిటీ 51–49తో ఆ పార్టీకే ఉండిపోయింది. ఆ ఏడాదే 13వ నియోజకవర్గంలో, 26 ఏళ్లుగా పాతుకుపోయిన బాబ్ మార్షల్‌ని డానికా రోమ్ ఓడించారు. ఆమె పదేపదే మాట్లాడింది రూట్ 28 మీద ట్రాఫిక్ గురించి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు ఏ పార్టీ వాడైనా తిట్టేది ఒకే రోడ్డుని.

యాప్‌కి తెలిసిందెంత

వర్జీనియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయరు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలు అందరికీ తెరిచే ఉంటాయి, వచ్చిన మనిషి ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు. ఏ ప్రైమరీలో ఓటేశారన్నది రికార్డులో ఉంటుంది గానీ ఎవరికి వేశారన్నది ఉండదు. పైగా గతంలో పార్టీలు కొన్నిసార్లు ప్రైమరీ మానేసి కన్వెన్షన్, అంటే పార్టీ ప్రతినిధుల సభ, పెట్టుకున్నాయి. 2021లో రిపబ్లికన్లు గవర్నర్ అభ్యర్థిని అలాగే ఎంచుకున్నారు. అలాంటప్పుడు ప్రభుత్వ జాబితాలో ఏ ఆనవాలూ మిగలదు. కాబట్టి ఈ ఇల్లు ఎటువైపు అన్నదానికి వ్యాన్ దగ్గర ఉన్నది ఒక అంచనా మార్కు మాత్రమే, 0 నుంచి 100 దాకా. మార్కు ఎంత ఎక్కువైతే అంత మనవైపు. వయసు, ఉండే చోటు, ప్రైమరీ చరిత్ర, బయట కొన్న వినియోగదారుల సమాచారం కలిపి లెక్కగట్టింది. వాలంటీరు తెర మీద సాధారణంగా ఆ మార్కు కనపడదు. కానీ ఆ తలుపు లిస్టులో ఉండాలా వద్దా అని తేల్చేది అదే.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మామూలుగా లిస్టు తీసేవాళ్లు రెండు రకాలే తీస్తారు. ఒకటి, 80 పైన మార్కు ఉండి ఓటెయ్యడానికి బద్ధకించేవాళ్లు. రెండు, 40–60 మధ్య మార్కు ఉండి తప్పకుండా ఓటేసేవాళ్లు. 25 మార్కు వచ్చినవాళ్ల ఇల్లు యాప్‌లోకి రాదు. వాలంటీరు ఆ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తాడు, గుమ్మంలో కూర్చున్న పెద్దాయన చెయ్యి ఊపుతాడు, ఈయనా ఊపి పక్కింటి గంట కొడతాడు. నెల తర్వాత ఆ పెద్దాయనే పక్కింటాయనతో, ‘ఆ పార్టీ వాళ్లు మా ఇల్లు దాటేసి పోయారు’ అంటాడు. ఒక తలుపు మిగుల్చుకోబోయి ఒక వాడ పోగొట్టుకోవడం అంటే ఇదే.

దీనికి విరుగుడు లిస్టు తీసే చోటే ఉంది, ఫోన్లో లేదు. నియోజకవర్గంలో గత రెండు ఎన్నికల్లోనూ తేడా తక్కువగా వచ్చిన మూడు నాలుగు ప్రీసింక్టులు (ఒక్కో పోలింగ్ కేంద్రం కిందికి వచ్చే ప్రాంతాలు) ఎంచుకోవాలి. వాటిల్లో మార్కుతో పని లేకుండా, గత నాలుగు సార్వత్రిక ఎన్నికల్లో కనీసం రెండిట్లో ఓటేసిన ప్రతి ఇంటినీ లిస్టులో వెయ్యాలి. ఇంట్లో ఉన్న ఓటర్లందరి పేర్లూ కనిపించేలా పెట్టమని అడ్మిన్‌కి చెప్పాలి. ఇది మర్చిపోతే లిస్టుకి తగిలిన ఒక్క పేరే తెర మీద ఉంటుంది. తలుపు తీసింది భార్య, లిస్టులో ఉన్నది భర్త. ‘ఆయన ఉన్నారా?’ అని అడిగి, లేరంటే వెనక్కి తిరిగే వాలంటీర్లు ఎంతమందో. ఆమెకీ ఒక ఓటు ఉందని గుర్తుండదు.

మిగతా ప్రీసింక్టుల్లో మామూలు లిస్టులే చాలు. అన్ని చోట్లా అన్ని ఇళ్లూ అనుకుంటే ఎందుకు కుదరదో లెక్క చూడండి. టౌన్‌హౌస్ వరసల్లో ఇంటికీ ఇంటికీ మధ్య నడక, గంట కొట్టి ఆగడం, కరపత్రం పెట్టడం కలిపి 3 నిమిషాలు పడుతుంది. నాలుగిళ్లలో ఒకటి తీస్తారనుకుందాం. తీసినవాళ్లతో 8 నిమిషాలు మాట్లాడితే గంటకి 12 ఇళ్లు, 3 సంభాషణలు. అభ్యర్థి స్వయంగా వారానికి 5 రోజులు, రోజుకి 3 గంటల చొప్పున 12 వారాలు తిరిగితే 180 గంటలు, అంటే 2,160 ఇళ్లు, 540 సంభాషణలు. అంతే. సొంత పార్టీ వాళ్లని పలకరించే పని వాలంటీర్లకి వదిలేసి, ఈ 540లో ఎక్కువ భాగం పైన చెప్పిన ప్రీసింక్టుల్లోనే జరిగేలా అభ్యర్థి సమయం కట్టుకోవాలి. చాలా ప్రచారాల్లో దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతుంది. ఫొటోలు బాగా వస్తాయని అభ్యర్థిని మనవాళ్ల వీధికే తీసుకెళ్తారు.

టర్ఫ్ కోయడం

మ్యాప్ మీద గీతలు గీసి ఇళ్లని ముక్కలు చేయడాన్ని టర్ఫ్ కోయడం అంటారు. మినీవ్యాన్‌కి ఇది బలమైన చోటు. ఒక్కో ముక్కకి ఒక్కో లిస్ట్ నంబర్ వస్తుంది. మూడు గంటల షిఫ్టుకి మామూలు కాన్వాసింగ్ అయితే 45–50 ఇళ్లు వేస్తారు. నింపాదిగా మాట్లాడే షిఫ్టు అయితే 35 దాటకూడదు. ఎక్కువ వేస్తే వాలంటీరు లిస్టు అవగొట్టే తొందరలో పడతాడు. ఓటరు మాట్లాడుతుంటే ఫోన్ వైపు చూస్తాడు.

కోసేటప్పుడు తరచూ జరిగే తప్పులు మూడు. ముక్క మధ్యలోంచి పెద్ద రోడ్డు పోవడం మొదటిది. లౌడన్ కౌంటీలో ఆష్‌బర్న్, ఆల్డీ వైపు కాలనీలన్నీ ఒక్కటే గేటు, వంపు తిరిగిన వీధులు, చివర మూసుకుపోయే సందులు. మ్యాప్ మీద రెండిళ్లు వెన్నుకి వెన్ను ఆనుకుని కనిపిస్తాయి, నడిస్తే 12 నిమిషాలు. రెండోది, అపార్ట్‌మెంట్లని టౌన్‌హౌస్‌లతో కలిపి కోయడం. తాళం ఉన్న లాబీ దగ్గర వాలంటీరు అరగంట పోగొట్టుకుంటాడు. అపార్ట్‌మెంట్లకి వేరే ముక్క కోసి, అక్కడే ఉండే వాలంటీరుకి ఇవ్వాలి. మూడోది, ఒకే నంబర్ ఇద్దరికి ఇవ్వడం. ఇద్దరూ ఎవరికి వాళ్లు వెళ్లి, ఒకే ఇంటి తలుపు గంట తేడాతో కొడతారు. అవతలి పార్టీ అభిమాని ఇంట్లో ఇలా జరిగితే ఇక ఆ ఏడాదికి ఆ తలుపు తెరుచుకోదు.

ఇళ్ల వరసలో సరి, బేసి నంబర్లు విడిగా చూపించే ఏర్పాటు వాడుకోండి. వీధి ఒక వైపు వెళ్లి రెండో వైపు తిరిగి రావచ్చు. నెట్ లేకపోయినా దిగిన లిస్టు పనిచేస్తుంది, మ్యాప్ మాత్రం మొరాయిస్తుంది. మూడు గంటలు మ్యాప్ తెరిచి ఉంచితే బ్యాటరీ సగం పైనే అయిపోతుంది కాబట్టి పవర్ బ్యాంకు తప్పదు.

స్క్రిప్టు: అసలు మార్చాల్సింది ఇక్కడ

తెర మీద కనిపించే ప్రశ్నలు ప్రచారం వాళ్లు రాసుకున్నవే, యాప్ రాసినవి కావు. కానీ యాప్ అచ్చు ఎలాంటిదంటే, బటన్లు నొక్కడానికి పనికొచ్చే ప్రశ్నలే అందులో ఒదుగుతాయి. అందుకే చాలా స్క్రిప్టులు ఇలా ఉంటాయి: నమస్కారం, ఫలానా అభ్యర్థి తరఫున వచ్చాం, మీ ఓటు ఆయనకేనా? కింద 1 నుంచి 5 దాకా బటన్లు. 1 అంటే గట్టిగా మనవైపు, 5 అంటే గట్టిగా అవతలివైపు. మన అభిమానికి ఇది 40 సెకన్లలో అయిపోయే ముచ్చట. అవతలి మనిషికి మాత్రం మొదటి వాక్యంలోనే ‘నువ్వు ఎవడివి, నా ఓటు అడగడానికి?’ అనిపించే ముచ్చట.

పరిశోధన కూడా ఇటే చూపిస్తోంది. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ 2018లో 49 క్షేత్ర ప్రయోగాలు కలిపి చూశారు. సార్వత్రిక ఎన్నికల్లో ఇంటింటి ప్రచారం, ఉత్తరాలు, ప్రకటనల వల్ల ఓటరు మనసు మారడం సగటున సున్నా దగ్గరే తేలింది. అదే ఇద్దరూ మయామీలో జరిపి 2016లో ప్రచురించిన మరో ప్రయోగంలో, సుమారు 10 నిమిషాలు ఓటరు చేతే మాట్లాడించి, తీర్పు చెప్పకుండా విన్న సంభాషణల ప్రభావం కనీసం 3 నెలలు నిలిచింది. అది ట్రాన్స్‌జెండర్ల పట్ల అభిప్రాయాల మీద చేసిన పని, అభ్యర్థికి ఓటు అడగడం మీద కాదు. అందుకని దాన్ని గుడ్డిగా ఇక్కడికి మోసుకురాకూడదు. 90 సెకన్ల పాఠం అప్పజెప్పి మనసు మార్చేశాం అనుకోకుండా ఉండటానికి మాత్రం ఈ రెండూ చాలు.

స్క్రిప్టు ఈ వరసలో పెట్టుకుంటే పని జరుగుతుంది. ముందు పేరు, ఏ వీధిలో ఉంటారు, ఎందుకొచ్చారు. అభ్యర్థి పార్టీ పేరు దాచొద్దు, అడగకముందే చెప్పేయాలి. దాచి, మధ్యలో బయటపడితే అప్పటిదాకా మాట్లాడిందంతా వృథా. రెండో మాటగా ఒక్క ప్రశ్న: ఇక్కడ ఉండటంలో మీకు చిరాకు పుట్టించేది, రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో చట్టం చేసి సరిచేయగలది ఏమైనా ఉందా? అడిగి ఊరుకోవాలి. మూడు నాలుగు సెకన్ల మౌనం వస్తుంది, వాలంటీర్లు దానికి భయపడి వెంటనే కరపత్రం చదివేస్తారు. నాలుగు వేళ్లు మడిచి లెక్కపెట్టుకోండి, ఎదుటివాళ్లే మాట్లాడతారు. వాళ్లు చెప్పింది మన మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి ‘ఇదేనా మీరంటున్నది?’ అని అడగాలి. ఆ తర్వాతే అభ్యర్థి ఆ విషయంలో ఏమంటున్నారో రెండు వాక్యాలు. ఒప్పుకోని చోట ఒప్పుకోనట్టే ఉండనివ్వాలి. ఓటు ప్రశ్న చివర్లో, అదీ ఎదుటి మనిషి ఇంకా నిలబడి ఉంటేనే.

ఆ రెండో ప్రశ్నకి జవాబు వినాలంటే రాష్ట్రం చేతిలో ఏముందో వాలంటీరుకి తెలిసి ఉండాలి. ఉత్తర వర్జీనియాలో తలుపు దగ్గర వచ్చేవి ఎక్కువగా మూడు. మొదటిది కారు పన్ను. కారు విలువ మీద ఏటా కౌంటీ వేసే పన్ను ఇది. 1997లో దీన్ని ఎత్తేస్తానని చెప్పి జిమ్ గిల్మోర్ గవర్నర్ అయ్యారు. పూర్తిగా పోలేదు, రాష్ట్రం ఇచ్చే ఊరట ఏడాదికి 95 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. కార్ల ధరలు పెరిగాయి, ఆ మొత్తం పెరగలేదు. రెండోది డల్లెస్ గ్రీన్‌వే టోల్. రోడ్డు ప్రైవేటుది, రేట్లు తేల్చేది రాష్ట్ర కార్పొరేషన్ కమిషన్. మూడోది డేటా సెంటర్లు, వాటి కోసం వేసే హైటెన్షన్ లైన్లు. స్థలం అనుమతి కౌంటీది, అమ్మకం పన్ను మినహాయింపు రాష్ట్రానిది. ఈ మూడిట్లో ఏదీ ఎర్రదీ (రిపబ్లికన్) కాదు, నీలిదీ (డెమోక్రటిక్) కాదు. టోల్ గురించి రిపబ్లికన్ ఇంట్లో విన్న మాట డెమోక్రాట్ ఇంట్లోనూ అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. హెచ్1బీ, గ్రీన్‌కార్డు, సరిహద్దు లాంటివి వస్తే అది కాంగ్రెస్ పని అని నిజం చెప్పేసి, రాష్ట్రం చేతిలో ఉన్నదానికి మళ్లాలి. చెయ్యలేనిది చేస్తామంటే ఎదుటివాళ్లకి తెలియకపోదు.

జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారేలా యాప్‌లో కొమ్మలు పెట్టుకునే వీలుంది, వాడుకోండి. కారు పన్ను అంటే దాని కింద రెండు వాక్యాలు, టోల్ అంటే దాని కింద రెండు. అంతకు మించి రాస్తే వాలంటీరు తెర చూసి చదువుతాడు. ఫోన్ జేబులో పెట్టి మాట్లాడటం, మెట్లు దిగి ఫుట్‌పాత్ మీదికి వచ్చాక బటన్లు నొక్కడం అన్నిటికన్నా మేలు. చేతిలో ఫోన్ పట్టుకుని నొక్కుతూ మాట్లాడే మనిషి సర్వే వాడిలా కనిపిస్తాడు.

తప్పు బటన్లు

ఈ యాప్ మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే. అవతలి పార్టీ మనిషి ఏం చెప్పినా ఒదగడానికి అందులో సరైన గూడు లేదు. ‘నేను రిపబ్లికన్‌ని, అయినా వచ్చినందుకు థ్యాంక్స్’ అంటారు. వాలంటీరు రిఫ్యూజ్డ్ నొక్కుతాడు. రిఫ్యూజ్డ్ అంటే మాట్లాడనన్నారు అని. ఇక ఆ పేరు తర్వాతి లిస్టుల్లోంచి కార్యాలయం తీసేస్తుంది. ఆయన మాట్లాడనన్లేదు, పార్టీ చెప్పాడంతే. నొక్కాల్సింది 4 లేదా 5, పక్కన విషయం ఏంటో ఒక ట్యాగు. 3 అనేది ఇంకో చెత్తబుట్ట. నిజంగా ఎటూ తేల్చుకోనివాళ్లు, చెప్పడం ఇష్టం లేనివాళ్లు, పొయ్యి మీద కూర మాడుతోందని తొందరపడినవాళ్లు అందరూ అందులోనే పడతారు. ఓటు ప్రశ్నకి విడిగా ‘చెప్పలేదు’ అనే జవాబు పెట్టించండి. ఇంకో ప్రశ్న కూడా చేర్పించండి: మళ్లీ రావచ్చా, అభ్యర్థి ఫోన్ చేయాలా, ఇక రావద్దా. మద్దతు మార్కు కన్నా ఈ జవాబు ఎక్కువ పనికొస్తుంది.

నాట్ హోమ్, ఇన్‌యాక్సెసిబుల్ రెండూ ఒకటి కావు. ఎవరూ లేకపోతే మొదటిది, రెండో విడతలో మళ్లీ వస్తుంది. లాబీ తాళం, కుక్క, గేటు ఉంటే రెండోది. కలిపేస్తే రెండో విడతంతా తాళాల చుట్టూ తిరగడమే. మూవ్డ్ నొక్కేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ‘అబ్బాయి ఇక్కడ ఉండట్లేదు’ అంటే బ్లాక్స్‌బర్గ్‌లో చదువుకుంటున్నాడని కావచ్చు. ఓటు ఇక్కడే ఉండి ఉంటుంది. మూవ్డ్ కొడితే అతనికి పోస్టల్ బ్యాలెట్ గురించి గుర్తుచేసేవాళ్లు ఉండరు.

తెలుగువాళ్ల ఇళ్ల దగ్గర యాప్ తెల్లమొహం వేస్తుంది. లిస్టులో ఇంటిపేరు ముందో వెనకో తెలియదు, సొంత పేరే ఇంటిపేరు గడిలో పడి ఉంటుంది. ఒకే ఇంట్లో తండ్రీకొడుకుల ఇంటిపేర్లు వేరుగా కనిపించి రెండు కుటుంబాలని లెక్కేస్తుంది. ఈ మధ్యే పౌరసత్వం వచ్చినవాళ్ల పేరు లిస్టులో ఇంకా చేరి ఉండదు. వేసవిలో తలుపు తీసేది గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మానాన్నలు. ‘నమస్తే అండీ, అబ్బాయిగారో అమ్మాయిగారో ఉన్నారా? ఇక్కడ ఎలక్షన్ల గురించి ఈ కాగితం ఇద్దామని వచ్చాం’ అంటే చాలు. ఓటుందా, వీసా ఏంటి అని ఆరాలు తీయకూడదు. భయపడతారు, తర్వాత పిల్లలకీ కోపం వస్తుంది. అదర్ లాంగ్వేజ్ అనే బటన్ ఉన్నా ఏ భాషో అది చెప్పదు. తెలుగు అని విడిగా ట్యాగు చేయించుకుంటే, అక్టోబర్‌లో తెలుగు వచ్చిన వాలంటీర్లకి ఆ ఇళ్లతోనే ఒక టర్ఫ్ కోయొచ్చు. తెలుగువాళ్లు కదా, ఫలానా పార్టీకే వేస్తారు అని ముందే అనుకుని మాట్లాడితే అక్కడే బోల్తా పడతారు. ఒకే ఇంట్లో భార్యాభర్తలు చెరో పార్టీ కావడం మనవాళ్లకి కొత్త కాదు.

నోట్స్ గురించి ఒక హెచ్చరిక. ఓటరు ముందు గట్టిగా చదవలేని మాట ఏదీ అందులో రాయొద్దు. కమిటీలో అనుమతి ఉన్నవాళ్లంతా అది చూడగలరు. ‘మొండి మనిషి’ అనే కన్నా ‘టోల్ నెలకి ఎంత కడుతున్నారో చెప్పారు, బిల్లు వివరాలు అడిగారు’ అని రాయడం మేలు. రెండు లైన్లు చాలు.

చట్టం, మర్యాద

కరపత్రం తపాలా పెట్టెలో వేయకూడదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. తలుపు పిడికి తగిలించాలి. రాజకీయ ప్రచారానికి ఇంటింటికీ తిరగాలంటే ముందస్తు అనుమతి తెచ్చుకోమని ఊరు నిబంధన పెట్టకూడదని సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. అయినా ‘నో సొలిసిటింగ్’ (అమ్మడానికో అడగడానికో ఎవరూ రావద్దు) అనే బోర్డు ఉంటే దాటిపోవడమే మంచిది. హక్కు ఉందని వాదించి గెలిచిన తలుపు దగ్గర ఓటు రాదు.

వీసా మీద ఉన్నవాళ్లు జీతం తీసుకోకుండా వాలంటీరుగా తిరగొచ్చు. విరాళం మాత్రం ఇవ్వకూడదు, సొంత డబ్బుతో కరపత్రాలు అచ్చు వేయించకూడదు, ప్రచారం డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించే చోట కూర్చోకూడదు. ఈ నిషేధం రాష్ట్ర, స్థానిక ఎన్నికలకీ వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు.

కాగితం, స్వతంత్రులు

పెద్ద వయసు వాలంటీర్లకి అచ్చు వేసిన వాక్‌షీట్లే, అంటే ఇళ్ల లిస్టు కాగితాలే, నయం. ఎండలో తెర కనపడదు, కాగితం కనపడుతుంది. బాధల్లా సాయంత్రం ఎవరో కూర్చుని ఎక్కించాలి, ఆ రాత్రే ఎక్కించకపోతే మర్నాడు పొద్దున ఇంకొకళ్లు అదే తలుపు కొడతారు. స్వతంత్ర అభ్యర్థి అయితే ఓటర్ల జాబితాని రాష్ట్ర ఎన్నికల శాఖ నుంచి నేరుగా కొనుక్కోవచ్చు, అభ్యర్థులకి చట్టం ఆ వీలు ఇచ్చింది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో వీధి, సరి–బేసి, ఇంటి నంబర్ వరసలో పేర్చితే పని నడుస్తుంది. నామినేషన్‌కి కావాల్సిన 125 సంతకాలు కూడా ఈ జాబితాతోనే సేకరించొచ్చు. ఏ పార్టీ వాళ్లయినా సంతకం పెట్టొచ్చు కాబట్టి అవతలి తలుపులతో మాట కలపడానికి అదే తొలి సాకు. నియోజకవర్గం బయటివాళ్లు పెట్టినవి కొట్టేస్తారు, చిరునామా మారినవాళ్లవీ చెల్లకపోవచ్చు, కాబట్టి 200 దాకా తీసుకోవాలి.

షిఫ్టు అయ్యాక

లాగౌట్ చేసేముందు సింక్ అయిందో లేదో చూసుకోవాలి. నెట్ లేని చోట నొక్కినవన్నీ అప్పటిదాకా ఫోన్లోనే ఉంటాయి. ఎన్నికకి 45 రోజుల ముందే ముందస్తు ఓటింగ్ మొదలవుతుంది. ఓటేసినవాళ్లని ఏ రోజుకారోజు లిస్టులోంచి తీసేయమని కార్యాలయానికి చెప్పాలి, లేకపోతే వేసినవాళ్ల తలుపే మళ్లీ కొట్టి విసిగిస్తారు.

‘అభ్యర్థి ఫోన్ చేయాలి’ అని నొక్కిన పేర్లు యాప్‌లో ఎక్కడా గంట మోగించవు. ఎవరో ఒకరు రాత్రి 9 గంటలకి వ్యాన్ తెరిచి, ఆ జవాబుతో లిస్టు తీసి, ఓటరు ఏమన్నారో నోట్‌తో సహా అభ్యర్థి ముందు పెట్టాలి. రెండు రోజుల్లోపు ఫోన్ వెళ్లాలి. అవతలి పార్టీ ఇంటి నుంచి వచ్చినవైతే వరసలో ముందు అవే.